మెనోపాజ్‌లో తక్కువ మోతాదు టెస్టోస్టెరాన్: ఎవరైనా వాడారా?

మంచుపూలు
అందరికీ నమస్తే. నాకు 53 ఏళ్లు. నెలసరి ఆగి రెండేళ్లు దాటింది. ఈస్ట్రోజన్ ప్యాచ్, రాత్రిపూట ప్రొజెస్టెరాన్ మాత్ర వాడుతున్నాను. వేడి ఆవిర్లు, చెమటలు పోయాయి, నిద్ర కూడా పర్వాలేదు. మిగిలింది ఒక్కటే. కోరిక అనేది పూర్తిగా మాయమైపోయింది. ఆయనతో గొడవలేమీ లేవు, నొప్పి కూడా లేదు. అసలు ఆ ఆలోచనే రావడం లేదు. ఆయన ఏమీ అనరు, బెంగంతా నాదే. డాక్టరమ్మను అడిగితే "ఈ వయసులో ఇదంతా మామూలేనండీ" అని నవ్వి ఊరుకుంది. మగవాళ్ల హార్మోన్ అంటారే, ఆ టెస్టోస్టెరాన్ చిన్న మోతాదులో ఇస్తారని చదివాను. మీసాలొస్తాయా, గొంతు మారుతుందా అని భయంగా ఉంది. వాడినవాళ్లు, తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

నిదానంరాణి
అక్కా, నేను వాడుతున్నాను. నా కథ కొంచెం వేరు. నాకు 44 ఏళ్లప్పుడు గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేశారు. అప్పటిదాకా బాగున్న మనిషిని, ఆపరేషన్ తర్వాత ఈ విషయంలో రాయిలా అయిపోయాను. ఈస్ట్రోజన్ మొదలుపెట్టాక మిగతావన్నీ సర్దుకున్నాయి, ఇది సర్దుకోలేదు. ఇప్పుడు రోజుకు 5 మిల్లీగ్రాముల క్రీమ్ తొడ మీద రాసుకుంటున్నాను. మొదటి నెలలో ఏమీ తెలియలేదు, తర్వాత మెల్లగా తేడా వచ్చింది. ఇరవయ్యేళ్ల పిల్లనైపోయానని చెప్పను గానీ, ఆ ఆలోచన మళ్లీ రావడం మొదలైంది. మీసాలు రాలేదు. తొడ మీద రాసేచోట వెంట్రుకలు కొంచెం ముదురయ్యాయి. చోటు మార్చి మార్చి రాస్తే అదీ తగ్గింది.

ఉదయనడక
నేనూ దీని గురించే వెతుకుతున్నాను. నాది కోరిక సమస్య కాదు. నీరసం, మతిమరుపు, కండ తగ్గిపోవడం. టెస్టోస్టెరాన్ వాడితే ఒంట్లోకి కొత్త ప్రాణం వస్తుందని వీడియోల్లో డాక్టర్లే చెబుతున్నారు. మెనోపాజ్ దాటిన ప్రతి ఆడమనిషికీ ఇది లోటేనంటున్నారు. నిజమేనా?

పెన్సిల్‌ముల్లు
ఉదయనడక గారూ, ఆ వీడియోలు చెప్పేదానికీ పరిశోధనల్లో తేలినదానికీ చాలా దూరం ఉంది. 2019లో లాన్సెట్ డయాబెటిస్ అండ్ ఎండోక్రినాలజీ అనే వైద్య పత్రికలో పెద్ద సమీక్ష వచ్చింది. 36 ప్రయోగాలు, 8,480 మంది స్త్రీలు. మెనోపాజ్ దాటినవాళ్లలో కోరిక, ఉద్రేకం, తృప్తి పెరిగాయి. దాని గురించిన దిగులు తగ్గింది. నీరసం, జ్ఞాపకశక్తి, మూడ్, ఎముకలు, కండ అంటారా, వీటికి పనిచేస్తుందని చెప్పేంత ఆధారం దొరకలేదు.

పెరిగిందన్నది కూడా ఎంతో తెలుసుకోండి. డమ్మీ మందు వాడినవాళ్లతో పోలిస్తే తృప్తినిచ్చిన కలయికలు నెలకు సగటున దాదాపు ఒకటి ఎక్కువ. అంతే. కొందరికి అది జీవితాన్నే మార్చే తేడా, కొందరికి లెక్కలోకి రాదు. ఎవరిష్టం వారిది, కానీ అద్భుతం జరుగుతుందని మాత్రం అనుకోవద్దు.

గైనిక్_ఒకరు
గైనకాలజిస్టుని. ఇక్కడ రాసేది మీ డాక్టర్ సలహాకి బదులు కాదని ముందే చెబుతున్నాను.

మంచుపూలు గారూ, "ఈ వయసులో మామూలే" అన్న జవాబు నాకు నచ్చలేదు. మామూలే అయినంత మాత్రాన వైద్యం చేయకూడదనేముంది? వేడి ఆవిర్లూ మామూలే కదా, వాటికి మందిస్తూనే ఉన్నాం.

టెస్టోస్టెరాన్ ఆడవాళ్ల ఒంట్లో బయటి సరుకేమీ కాదు. అండాశయాలూ, మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథులూ దాన్ని తయారుచేస్తాయి. అడ్రినల్ నుంచి వచ్చే డీహెచ్‌ఈఏ అనే హార్మోన్ కొవ్వులోనూ చర్మంలోనూ మారి మరికొంత తయారవుతుంది. నెలసరి వచ్చే వయసులో, నెలలో చాలా రోజులు, రక్తంలో ఈస్ట్రడయాల్ (ముఖ్యమైన ఈస్ట్రోజన్) కన్నా టెస్టోస్టెరానే ఎక్కువ ఉంటుంది. మగవాళ్లతో పోలిస్తే మాత్రం పదో వంతు కూడా ఉండదు. మోతాదు గురించి అంత పట్టింపు అందుకే.

నెలసరి ఆగిన రోజున ఈస్ట్రోజన్‌తో పాటు ఇది కూడా పడిపోతుందని చాలామంది అనుకుంటారు. పడదు. ఇరవైల నుంచే నెమ్మదిగా తగ్గుతూ వచ్చి, నలభైల మధ్యకి సుమారు సగమవుతుంది. సహజంగా మెనోపాజ్ వచ్చినప్పుడు కొత్తగా పెద్ద తగ్గుదల ఉండదు. రెండు అండాశయాలూ తీసేస్తే మాత్రం ఒక్కసారిగా సగం దాకా పోతుంది. నిదానంరాణి గారు చెప్పినది అదే. మెనోపాజ్ వచ్చింది కాబట్టి అందరికీ టెస్టోస్టెరాన్ లోటే అన్న మాట దీనితోనే తేలిపోతుంది.

2019లోనే అంతర్జాతీయ మెనోపాజ్ సొసైటీ, ఎండోక్రైన్ సొసైటీతో సహా చాలా సంఘాలు కలిసి ఉమ్మడి ప్రకటన చేశాయి. మెనోపాజ్ దాటాక కోరిక తగ్గి, దానివల్ల ఆ స్త్రీకి బాధ కలుగుతుంటే ఇవ్వచ్చు. ఆధారం ఉన్న కారణం ఇదొక్కటే అని అందులో ఉంది. అంతకుముందే, 2015లో బ్రిటన్‌లోని నైస్ అనే వైద్య మార్గదర్శకాల సంస్థ కూడా మామూలు హార్మోన్ చికిత్స ఒక్కటీ సరిపోనప్పుడు దీన్ని ఆలోచించమంది.

ఒకభర్త
మగవాణ్ని, ఇక్కడ రాయొచ్చో లేదో తెలియదు. మా ఆవిడకి 51. ఆమెకి ఇష్టం లేదు, అలా ఇష్టం లేకపోవడం గురించి బాధా లేదు. బాధ నాది. ఆమెను ఒప్పించి ఇది వాడిస్తే ఉపయోగం ఉంటుందా?

సాయంకాలం
ఉండదు సార్. ఆమె ఒంట్లోకి వెళ్లే మందు మీ బాధకి ఎలా పనిచేస్తుంది?

గైనిక్_ఒకరు
సాయంకాలం గారు కొంచెం గట్టిగానే అన్నారు గానీ విషయం అదే. కోరిక తగ్గడం ఒక్కటే జబ్బు కాదు, ఆమెకి అది బాధగా ఉండాలి. ఆ రెండోది లేకపోతే వైద్యం చేయాల్సిన సమస్యే లేనట్టు. మీ బాధ నిజం కాదని నేననడం లేదు. అది ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాల్సినది, కావాలంటే కౌన్సెలర్ దగ్గర. ఇంకొకటి, ఆమెకి నొప్పి ఉందేమో ఎప్పుడైనా అడిగారా? యోని పొడిబారి నొప్పి పుడుతున్న మనిషికి ఇష్టం ఎక్కడినుంచి వస్తుంది? దానికి అక్కడే రాసుకునే తక్కువ మోతాదు ఈస్ట్రోజన్ ఉంది, బాగా పనిచేస్తుంది. చాలామంది ఆడవాళ్లు ఆ మాట నోరు తెరిచి చెప్పరు.

ఒకభర్త
అడగలేదు మేడమ్. అడుగుతాను.

కొత్తఆకు
పెల్లెట్ గురించి ఎవరూ మాట్లాడలేదు. నేను ఒక క్లినిక్‌లో వేయించుకున్నాను. తుంటి దగ్గర చర్మం కింద బియ్యపుగింజంత పెడతారు, కొన్ని నెలలు అదే కరుగుతూ ఉంటుంది. రోజూ రాసుకునే గోల లేదన్నారు. మొదట్లో భలే హుషారు. తర్వాత గడ్డం మీద మొటిమలు, తల మీద జుట్టు పలచబడటం, పాట పాడితే పై స్థాయి అందకపోవడం. రక్తపరీక్షలో వచ్చిన అంకె ఆడవాళ్లకి ఉండాల్సిన పరిధికి చాలా పైన. తీసేయమంటే తీయలేం, కరిగేదాకా ఆగాల్సిందేనన్నారు. జుట్టు కొంత తిరిగొచ్చింది. గొంతు రాలేదు.

మంచుపూలు
అయ్యో కొత్తఆకు గారూ. సరిగ్గా ఈ గొంతు సంగతే నా భయం.

గైనిక్_ఒకరు
కొత్తఆకు గారు రాసినది అందరూ రెండుసార్లు చదవాలి. మొటిమలు, జిడ్డు చర్మం, వెంట్రుకలు సాధారణంగా మందు ఆపితే తగ్గుతాయి. గొంతు బొంగురు, క్లిటోరిస్ పెరగడం మాత్రం ఒకసారి వస్తే పోకపోవచ్చు. ఇవి వచ్చేది రక్తంలో మోతాదు మితిమీరినప్పుడు. స్త్రీ శరీరానికి సహజమైన పరిధిలో ఉంచినంతకాలం వీటి భయం చాలా తక్కువ. పెల్లెట్‌తో చిక్కేంటంటే, ఎక్కువైందని తెలిసినా వెనక్కి తీసుకోలేం. క్రీమైతే రేపే ఆపేయొచ్చు. ఆ ఉమ్మడి ప్రకటన కూడా పరిధి దాటించే పెల్లెట్లనూ ఇంజెక్షన్లనూ వద్దంది. ఫార్మసీలో విడిగా కలిపి ఇచ్చేవాటినీ వద్దంది, వాటిలో ఎంత మందుందో నమ్మకంగా చెప్పలేం.

మాత్రలూ వద్దు. నోటి ద్వారా తీసుకునే టెస్టోస్టెరాన్ చెడు కొలెస్ట్రాల్ (ఎల్‌డీఎల్) పెంచి మంచి కొలెస్ట్రాల్ (హెచ్‌డీఎల్) తగ్గిస్తుంది. చర్మం ద్వారా ఇస్తే ఆ తేడా కనిపించలేదు.

వానచినుకు
మరి ఆడవాళ్ల కోసమే తయారైన మందు ఒక్కటీ లేదా? మగవాళ్ల జెల్‌నే చూసీచూడకుండా వాడాలంటే ఎలా?

పెన్సిల్‌ముల్లు
దీని చరిత్ర చదివితే కోపమొస్తుంది. రోజుకు 300 మైక్రోగ్రాములు విడుదల చేసే ఇన్‌ట్రిన్సా అనే ప్యాచ్ ఉండేది. 2004 డిసెంబర్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సలహా సంఘం ముందుకొస్తే, దీర్ఘకాల భద్రత సమాచారం చాలదని ఒప్పుకోలేదు. మెనోపాజ్ హార్మోన్ చికిత్స మీద అమెరికాలో జరిగిన డబ్ల్యూహెచ్‌ఐ అనే పెద్ద అధ్యయనం 2002లో సృష్టించిన భయం అప్పటికింకా తగ్గలేదు. యూరప్‌లో 2006లో అనుమతి వచ్చింది, అదీ ఆపరేషన్ వల్ల మెనోపాజ్ వచ్చి ఈస్ట్రోజన్ వాడుతున్నవాళ్లకి. 2012కల్లా వ్యాపార కారణాలతో కంపెనీయే వెనక్కి తీసుకుంది. మధ్యలో లిబిజెల్ అని ఇంకొకటి వచ్చింది. 2011లో చివరి దశ ప్రయోగాల్లో డమ్మీ జెల్‌ని దాటలేకపోయింది.

ఈ లిబిజెల్ సంగతి నాకు ఆసక్తిగా అనిపిస్తుంది. డమ్మీ జెల్ రాసుకున్నవాళ్లకీ బాగానే మెరుగైంది! ఎవరో శ్రద్ధగా వినడం, రోజూ కాసేపు ఆ విషయం తలచుకోవడం, వీటికీ కొంత బలం ఉన్నట్టుంది.

ఇక ఆడవాళ్ల కోసమే అనుమతి పొందినది ఆస్ట్రేలియాలోని ఆండ్రోఫెమ్ అనే 1 శాతం క్రీమ్. అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ 2020లో అనుమతిచ్చింది. అర మిల్లీలీటర్ రాస్తే 5 మిల్లీగ్రాములు. చాలాచోట్ల మాత్రం డాక్టర్లు మగవాళ్ల జెల్‌నే, అనుమతిలో లేని వాడకంగా, సుమారు పదో వంతు రాయిస్తున్నారు.

వానచినుకు
పదో వంతు అని చెప్పడం తేలికే. 50 మిల్లీగ్రాముల సాచెట్‌ని పది రోజులకి సమంగా ఎలా పంచాలి? కంటికొలతతోనా?

నిదానంరాణి
క్రీమ్ దొరక్క ముందు నేనూ అలాగే వాడాను. సూది లేని చిన్న సిరంజిలోకి తీసుకుని గీతలు చూసుకుంటూ రాసుకోమని నర్సమ్మ నేర్పింది. వేలితో అంచనా వేస్తే ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ అవుతుంది.

మోడరేటర్
ఎక్కడ కొనాలో చెబుతూ పెట్టిన రెండు లింకులు తీసేశాను. ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మేవాళ్ల ప్రచారం ఇక్కడ వద్దు. అనుభవాలు రాయండి.

సగంచదివినపేజీ
నాకు 46. నెలసరి ఇంకా వస్తోంది, ఓ నెల వస్తే రెండు నెలలు రాదు. డిప్రెషన్‌కి ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మాత్ర వాడుతున్నాను. కోరిక తగ్గింది. మెనోపాజ్ దాటకముందే మొదలుపెట్టొచ్చా?

గైనిక్_ఒకరు
మీ విషయంలో ముందు ఆ మాత్రను అనుమానిస్తాను. ఎస్‌ఎస్‌ఆర్‌ఐలు కోరికనీ తృప్తినీ తగ్గించడం చాలా సాధారణం. మీకై మీరు ఆపొద్దు. రాసిన డాక్టర్‌తో మాట్లాడి మోతాదో మందో మార్చే వీలుందేమో చూడండి. నెలసరి సక్రమంగా లేదంటే థైరాయిడ్, రక్తహీనత కూడా చూడాలి. నిద్ర చాలకపోతే ఎవరికైనా ఇంతే.

మెనోపాజ్ ముందు టెస్టోస్టెరాన్ వాడకానికి గట్టి ఆధారం లేదు. అందుకే ఆ ప్రకటన మెనోపాజ్ దాటినవాళ్ల దగ్గరే గీత గీసింది. నెలసరి ఎప్పుడో ఒకప్పుడు వస్తోందంటే గర్భం వచ్చే అవకాశమూ ఉన్నట్టే. కడుపులో ఆడపిల్ల ఉంటే ఈ హార్మోన్ ఆ బిడ్డ జననాంగాల ఎదుగుదలని మగ లక్షణాల వైపు తిప్పగలదు. ఎవరైనా డాక్టర్ మీకు ఇస్తానంటే, గర్భనిరోధకం సంగతి ముందు తేల్చుకోండి. పాలిచ్చేవాళ్లు వాడకూడదు. హార్మోన్ల వల్ల పెరిగే రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకూ ఇవ్వరు.

ఉదయనడక
రొమ్ము క్యాన్సర్ అన్నారు కాబట్టి అడుగుతున్నా, ఇది వాడితే అది వస్తుందా?

గైనిక్_ఒకరు
ఇప్పటిదాకా జరిగిన ప్రయోగాల్లో ప్రమాదం పెరిగినట్టు స్పష్టంగా కనబడలేదు. కానీ అవి చాలావరకు రెండేళ్లకి మించనివి. క్యాన్సర్ గురించి గట్టిగా చెప్పాలంటే అంత చిన్న కాలం చాలదు. గుండెజబ్బు ముప్పు ఎక్కువున్నవాళ్లని ఆ ప్రయోగాల్లో తీసుకోలేదు కాబట్టి వాళ్ల విషయంలోనూ ధైర్యంగా చెప్పలేను. ఐదేళ్లు, పదేళ్లు వాడితే పూర్తి సురక్షితం అని ఎవరైనా అంటే, ఏ ప్రయోగం చూసి అంటున్నారని అడగండి.

ఉదయనడక
అర్థమైంది. నిజం చెప్పాలంటే నాకింకా ఆశ చావలేదు. నా స్నేహితురాలు కోరిక కోసం మొదలుపెట్టింది, ఇప్పుడు బుర్ర తేటగా ఉందంటోంది. ఆమె అబద్ధం చెబుతోందా?

పెన్సిల్‌ముల్లు
అబద్ధమని ఎవరన్నారు? ఆమెకి బాగుంది, సంతోషం. అది టెస్టోస్టెరాన్ వల్లా, అదే సమయంలో మొదలైన ఈస్ట్రోజన్ వల్లా, బాగా నిద్ర పట్టడం వల్లా అనేది ఒక్క మనిషిని చూసి తేల్చలేం. కండ కావాలంటే బరువులెత్తండి, దానికి ఆధారం బోలెడుంది.

పరుగుపిచ్చి
సందర్భం వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. నాలాగా పెద్దవాళ్ల విభాగంలో పోటీలకి వెళ్లేవాళ్లుంటే, టెస్టోస్టెరాన్ ప్రపంచ డోపింగ్ వ్యతిరేక సంస్థ (వాడా) నిషేధిత జాబితాలో ఎల్లవేళలా ఉంటుంది. పోటీ రోజున మాత్రమే కాదు. "నాది ఆడవాళ్ల మోతాదే, క్రీమే" అంటే చెల్లదు. వాడాలనుకుంటే ముందుగానే మీ క్రీడా సంఘాన్ని అడగండి.

మంచుపూలు
ఇంత వివరంగా చెబుతారనుకోలేదు, అందరికీ థాంక్స్. వేరే డాక్టర్‌ని కలిశాను. ఆవిడ చాలాసేపు విన్నారు. నేను వాడుతున్నవి, ఇంట్లో పరిస్థితి, నొప్పి, నిద్ర అన్నీ అడిగారు. రక్తపరీక్ష రాశారు. రిపోర్టులో టెస్టోస్టెరాన్ "నార్మల్" అనే వచ్చింది! ఇక ఇవ్వరేమోనని టెన్షన్ పడ్డాను. అయినా ఇస్తానన్నారు. ఇదేం లెక్క?

గైనిక్_ఒకరు
ఆవిడ చేసింది సరైనదే. ఇంత అంకె కన్నా తక్కువుంటే కోరిక పోతుంది, ఎక్కువుంటే ఉంటుంది అని చెప్పే గీత ఏదీ లేదు. అంకె తక్కువున్నా హాయిగా ఉన్నవాళ్లున్నారు. మొదట పరీక్ష చేయించేది, ముందే ఎక్కువగా ఉన్నవాళ్లకి పొరపాటున ఇవ్వకుండా ఉండటానికి. ఆ తర్వాత ఎంత పెరిగిందో పోల్చుకోవడానికి కూడా అదే ఉపయోగపడుతుంది. నిర్ణయం జరిగేది మీ మాటల మీద.

పైగా ఆడవాళ్లలో ఉండే తక్కువ స్థాయిల దగ్గర చాలా ల్యాబుల్లో వాడే మామూలు ఇమ్యునోఅస్సే పద్ధతి తడబడుతుంది. ఇంకా కచ్చితంగా కొలిచే మాస్ స్పెక్ట్రోమెట్రీ పద్ధతి ఉన్న ల్యాబ్ దొరికితే మంచిది. లేకపోతే ప్రతిసారీ ఒకే ల్యాబ్‌లో చేయించుకోండి.

మీరు ప్యాచ్ వాడటం ఇందులో కలిసొచ్చింది. ఈస్ట్రోజన్‌ని మాత్రగా మింగితే కాలేయం ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రొటీన్‌ని ఎక్కువ తయారుచేస్తుంది. అది టెస్టోస్టెరాన్‌ని పట్టేసుకుంటుంది, పనిచేయడానికి మిగిలేది తగ్గుతుంది. కొందరికి ఈస్ట్రోజన్ మాత్ర మాని ప్యాచ్‌కి మారితేనే తేడా తెలుస్తుంది.

సాయంకాలం
ఈ చివరి ముక్క నాకెవరూ చెప్పలేదు! నేను మాత్రే మింగుతున్నాను. రేపే అడుగుతా.

మంచుపూలు
మూడు నుంచి ఆరు వారాల మధ్య మళ్లీ రక్తపరీక్ష అన్నారు. ఆరు నెలలకీ తేడా తెలియకపోతే ఆపేద్దామన్నారు. ఆపేయడం గురించి ముందే మాట్లాడిన డాక్టర్‌ని ఇదే చూడటం, అందుకే నమ్మకం కలిగింది.

కొత్తఆకు
నాకు పెల్లెట్ వేసినచోట ఆ ఊసే లేదు. పైగా మళ్లీ ఎప్పుడు వేయించుకోవాలో తేదీ ముందే రాసిచ్చారు.

చిట్టిబామ్మ
నేను మనవరాలిని రోజంతా ఎత్తుకునే మనిషిని. రాసుకున్న చోట పాప ఒళ్లు తగిలితే ఏమన్నా అవుతుందా?

గైనిక్_ఒకరు
అవుతుంది, తేలిగ్గా తీసుకోకండి అమ్మా. పెద్దవాళ్లు రాసుకున్న జెల్ తగిలి చిన్నపిల్లల్లో వయసుకి ముందే శరీర మార్పులు కనిపించిన కేసులున్నాయి. అవి చాలావరకు మగవాళ్ల పెద్ద మోతాదుల వల్ల, అయినా మీ జాగ్రత్త మీరు తీసుకోవాలి. చేతుల మీద, ఛాతీ మీద కాకుండా తొడ పైభాగాన బయటివైపు రాయండి. పూర్తిగా ఆరనిచ్చి బట్టతో కప్పండి. చేతులు సబ్బుతో కడిగాకే పాపని ఎత్తుకోండి.

మంచుపూలు
డాక్టర్ గారూ, ఒక చిన్న సందేహం. రక్తపరీక్ష రోజున పొద్దున్నే క్రీమ్ రాసుకుని వెళ్లాలా?

గైనిక్_ఒకరు
ఆ రోజు రక్తం ఇచ్చి వచ్చాక రాసుకోండి. ఆ పూట చేతివేళ్లకి క్రీమ్ అంటుకుని, అదే చేత్తో రక్తం తీసే చోట తాకితే అంకె ఎక్కడికో పోతుంది. అలా వచ్చిన రిపోర్టు పట్టుకుని భయపడి మోతాదు తగ్గించేసినవాళ్లను చూశాను.